పొంగిన సీసాలు, ఖాళీ పెట్టెలు: ఉద్దానం అంచున ఒక తేనె కేసు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న రైతులకు తేనెటీగల పెంపకం నేర్పడం నా పని. ఫోన్లు చాలా వస్తాయి. ఎక్కువ వాటికి జవాబు రెండు మాటల్లో అయిపోతుంది. చీమలు ఎక్కుతుంటే పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, ఎండ తగులుతుంటే నీడకు జరపండి, అంతే. ఈ కేసు అలా తేలలేదు. ఇందులో నేను మొదట ఇచ్చిన సలహా తప్పు. దానివల్ల ఒక కుటుంబం కష్టపడి తీసిన తేనెలో కొంత పాడైంది. అందుకే వివరంగా రాస్తున్నాను. ఊరు, పేర్లు, తేనె కొన్న కొట్టు వివరాలు తీసేశాను. ఆమెను ఇక్కడ రైతమ్మ అని పిలుస్తాను.

నేపథ్యం

మహేంద్రగిరి కొండలు దిగి ఉద్దానం తోటలు మొదలయ్యే చోట రైతమ్మకు రెండెకరాల జీడితోట ఉంది. గట్ల మీద మామిడి, పనస, చింత, రెండు కానుగ చెట్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లవారేసరికి ఆ తోటలో సగం జీడిచెట్లు వేళ్లతో సహా పడిపోయి ఉన్నాయి. ఆ ప్రాంతంలో తిత్లీ గురించి మాట్లాడకుండా ఏ తోట కథా చెప్పలేం. చెట్టు పోతే గింజ పోతుందని అందరికీ తెలుసు. గింజతో పాటు పూత కూడా పోతుంది, ఆ పూత మీద బతికే ఈగలకు తిండి పోతుంది. ఈ రెండో సంగతి ఎవరూ లెక్కలో వేసుకోలేదు, నాతో సహా.

కొత్త మొక్కలు కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈలోగా కాస్త ఆదాయం ఉంటుందని, తుపాను తరువాత మూడో చలికాలంలో ఒక పథకం కింద ఆమెకు పది తేనెటీగల పెట్టెలు వచ్చాయి. రెండు రోజుల శిక్షణ కూడా ఇచ్చారు. పెట్టెల్లో ఉన్నవి మన పుట్ట తేనెటీగలు. చెట్టు తొర్రల్లో, పాత పుట్టల్లో, గోడ సందుల్లో చీకటి చూసుకుని వరసగా పట్లు కట్టే ఈగ ఇది. కొండ మీద సవర గిరిజనులు పొగవేసి దింపే కొండతేనె వేరు. అది పెద్ద ఈగది, ఆరుబయట ఒకే పెద్ద పట్టు కడుతుంది, దాన్ని పెట్టెలో పెంచలేం. పుట్ట ఈగ మాత్రం పెట్టెను తన తొర్రే అనుకుంటుంది. అది కూడా తనకు నచ్చినంత కాలమే. నచ్చకపోతే రాణితో సహా మొత్తం గుంపు ఒక ఉదయం లేచిపోతుంది.

ఆ ఏడాది ఫిబ్రవరి మొదలు మార్చి మధ్య వరకు ఆమె మూడుసార్లు తేనె తీసింది. మొత్తం ఇరవై ఎనిమిది కిలోలు, యాభై ఆరు అరకిలో సీసాలు. పట్నంలో ఒక కొట్టువాళ్లు అడ్వాన్సు ఇచ్చి మొత్తం తీసుకున్నారు.

వచ్చిన సమస్య

జూలైలో ఫోన్ వచ్చింది. "బాబూ, సీసాలు తిరిగొచ్చేసినాయి. కొన్ని పొంగిపోతన్నాయి, కొన్ని పంచదార నాగ గడ్డ కట్టినాయి. పెట్టెల్లో ఈగలు కూడా ఎల్లిపోనాయి. ఒకపాలి వొచ్చి సూడు బాబూ."

వెళ్లి చూస్తే పదిలో నాలుగు పెట్టెలు ఖాళీ. ఖాళీ పెట్టెల్లో పట్లకు బూజులాంటి సాలెగూడు, అందులో తెల్లటి మైనపు పురుగులు. వసారాలో ఇరవై మూడు సీసాలు. కొన్నింటి అడుగున సగం వరకు తెల్లగా పేరుకుపోయింది. కొన్నింటి మూత తియ్యగానే బుస్సుమని నురగ పైకొచ్చింది, పులిసిన కల్లు వాసన. కొట్టువాళ్లు చెప్పింది ఒకటే మాట: "పాకం కలిపి అంటగట్టారు." ఆమెకు డబ్బు కంటే ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది. ఎదురుగా కూర్చుని, చేతిలో సీసా తిప్పుతూ, "నానేటి కలిపేను బాబూ? ఈగలు పెట్టిందే నాను పోసేను" అంది.

ఆమె చెప్పేది నిజమేనని నాకు అప్పుడే అనిపించింది. అయితే నిజమైన తేనె ఎందుకు పులుస్తుంది, ఎందుకు గడ్డ కడుతుంది అన్నది ఆ రోజు నేను ఆలోచించవలసినంత ఆలోచించలేదు.

మొదట చేసింది, అది ఎందుకు చెడింది

మూడు ఫిర్యాదులు ఉన్నాయి: గడ్డ, పొంగు, ఖాళీ పెట్టెలు. మొదటి రెండూ తేనె సమస్య, మూడోది ఈగల సమస్య అని విడగొట్టాను. తేనెకు డబ్బు ముడిపడి ఉంది కాబట్టి ముందు దాన్ని చూద్దామనుకున్నాను. వేడి చేస్తే గడ్డ కరుగుతుంది, పులియబెట్టే ఈస్టు చచ్చిపోతుంది. ఒకే మందుతో రెండు రోగాలూ పోతాయని లెక్క వేశాను. నీళ్లున్న పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెట్టి, అరవై డిగ్రీల దగ్గర అరగంట ఉంచమని చెప్పాను.

ఇందులో మూడు పొరపాట్లు ఉన్నాయి. థర్మామీటరు ఇవ్వకుండా డిగ్రీలు చెప్పాను. కట్టెల పొయ్యి మీద అరవై ఎక్కడ, ఎనభై ఎక్కడ? రెండోది, తేనెలో నీరు ఎంత ఉందో కొలవలేదు. మూడోది అన్నింటికంటే పెద్దది. గడ్డకట్టినవీ పొంగినవీ పది సీసాలు ఒకే గిన్నెలో పోయించాను. ఏ సీసా ఎందుకు చెడిందో చెప్పగలిగిన ఆధారాన్ని నా మాట మీదే కలిపేశారు.

తేనె కరిగింది. అద్దంలా కనిపించింది, రంగు మాత్రం ముదిరింది. రైతమ్మ అత్తగారు వేలితో కాస్త నాలుక మీద వేసుకుని, కాసేపు ఆగి, "బెల్లం పాకం నాగుంది" అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తేనెలో పూల వాసన చాలా సున్నితమైనది, వేడికి ముందు పోయేది అదే. వేడికి తేనెలో హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం కూడా పెరుగుతుంది. ఆహార భద్రతా సంస్థ ప్రమాణాల్లో దానికి కిలోకు 80 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది ఇందుకే. తేనెను ఎంత కాల్చారో అది చెప్పేస్తుంది.

సెప్టెంబరు నాటికి ఆ పదింటిలో నాలుగు సీసాలు మళ్లీ పొంగాయి. ఈస్టు గాలిలో ఉంటుంది, గరిటెకు ఉంటుంది, ఈగ తెచ్చిన పూలలోనే ఉంటుంది. వేడికి ఒకసారి చచ్చినా, తేనెలో నీరు అలాగే ఎక్కువగా ఉంటే మళ్లీ చేరి మళ్లీ పులియబెడుతుంది. నేను జ్వరానికి మాత్ర ఇచ్చాను, జ్వరం ఎందుకొచ్చిందో చూడలేదు.

మిగిలిన పదమూడు సీసాలు

అక్టోబరులో రిఫ్రాక్టోమీటరు పట్టుకెళ్లాను. బొటనవేలంత అద్దం మీద ఒక చుక్క వేసి వెలుతురు వైపు చూస్తే తేనెలో నీటి శాతం కనిపించే పరికరం అది. వేడి చెయ్యకుండా మిగిలిన పదమూడు సీసాలను వరండాలో వరసగా పెట్టాం. ఈసారి ముందు వేరు చేశాం. గడ్డ మాత్రమే కట్టినవి ఐదు. పొంగు మాత్రమే ఉన్నవి నాలుగు. అడుగున గడ్డ, పైన నురగ రెండూ ఉన్నవి నాలుగు.

గడ్డకట్టిన తేనెను అలాగే కొలిస్తే లెక్క తప్పు వస్తుంది. అందుకే ఒక్కో దాంట్లోంచి చెంచాడు చిన్న బుడ్డిలో వేసి, మూత బిగించి, చెయ్యి పెట్టగలిగే వేడినీళ్లలో ఉంచి, పలుకులు పూర్తిగా కరిగాక చుక్క తీశాం. గడ్డ మాత్రమే ఉన్న ఐదింటిలోనూ నీరు 19 నుంచి 20 శాతం. పొంగిన నాలుగింటిలో 23, 24. రెండూ ఉన్నవాటిలో 21, 22. మన దేశంలో తేనెకు నీరు 20 శాతం మించకూడదని ప్రమాణం. పుట్ట ఈగ తేనె ఆ గీతకు ఆనుకునే ఉంటుంది, కాస్త అజాగ్రత్త చేస్తే దాటిపోతుంది.

అప్పుడు రైతమ్మే ఒక సంగతి పట్టుకుంది. "పొంగినయన్నీ ఆకుపచ్చ మూతలయ్యి బాబూ." మొదటిసారి తీసిన తేనె ఇంట్లో ఉన్న పాత సీసాల్లో పోశారట, వాటికి ఆకుపచ్చ మూతలు. రెండోసారికి కొత్త సీసాలు కొన్నారు, తెల్ల మూతలు. మూడోసారివి తెల్ల మూతలే గానీ పైన గుడ్డ చుట్టి దారం కట్టారు. తేదీ ఎక్కడా రాసుకోలేదు, మూతలే తేదీలయ్యాయి. ఆకుపచ్చవి పొంగినవి. తెల్లవి గడ్డా పొంగూ కలిసినవి. గుడ్డ కట్టినవి గడ్డ మాత్రమే కట్టినవి, అంటే మంచివి.

ఫిబ్రవరి మొదట్లో జీడిపూత ఇంకా ఊపందుకోలేదు, తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతోంది. కొట్టువాళ్లు అడ్వాన్సు ఇచ్చి రోజూ అడుగుతున్నారు. ఆలస్యం చేస్తే ఈగలే తినేస్తాయని ఆమెకు భయం. పట్టులో గదులకు మైనపు మూత పడకముందే తీసేసింది. అది తేనె కాదు, తేనె కాబోతున్న మకరందం.

పూలలోంచి ఈగ తెచ్చే మకరందంలో సగానికి పైగా నీరే ఉంటుంది. తెచ్చిన ఈగ దాన్ని గూటిలోని ఈగకు నోటితో అందిస్తుంది, అది ఇంకోదానికి. అలా నోటి నుంచి నోటికి మారుతూ, వాటి ఊటలు కలుస్తూ, చివరికి గదుల్లో పల్చగా పరుస్తాయి. ఆ తరువాత రాత్రంతా రెక్కలతో విసురుతాయి. జీడిపూత బలంగా ఉన్న రోజుల్లో రాత్రి తొమ్మిదింటికి ఒక్కసారి పెట్టె దగ్గర కూర్చుని చూడండి. మన పుట్ట ఈగలు గుమ్మం దగ్గర తల బయటికి, తోక గూటి వైపు పెట్టి వరసగా నిలబడి లోపలికి గాలి కొడతాయి. బయటి దేశం నుంచి తెచ్చి పెంచే ఇటాలియన్ ఈగ దీనికి ఎదురుగా, తల గూటి వైపు పెట్టి విసురుతుంది. పెట్టె చెక్కకు చెవి ఆనిస్తే దూరంగా వాన పడుతున్నట్టు ఒకే మోత. దగ్గర్లో జీడిపూల వాసన, దాంతో పాటు కాస్త పులుపు, కాస్త మైనం. నీరు సరిపడా ఆరాకే గదికి మూత వేస్తాయి. తేనె తయారైందని చెప్పేది ఆ మూతే, క్యాలెండరు కాదు, కొట్టువాడి ఫోన్ కాదు.

మరి మంచి తేనె ఎందుకు గడ్డ కట్టింది? తేనెలో ఉండే రెండు ముఖ్యమైన చక్కెరల్లో గ్లూకోజు నీటిలో ఎక్కువసేపు కరిగి ఉండలేదు, పలుకులుగా విడిపోతుంది. ఏ పూల తేనెలో అది ఎక్కువో ఆ తేనె త్వరగా పేరుకుంటుంది. అది తేనె గుణం, కల్తీకి గుర్తు కాదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి మధ్యలో ఉన్న నాలుగు సీసాలు. గడ్డ, పొంగు రెండూ వేరు వేరు సంగతులని అప్పటిదాకా అనుకున్నాను. కానీ గ్లూకోజు పలుకులుగా అడుగున చేరితే పైన మిగిలిన ద్రవంలో నీటి పాలు పెరుగుతుంది. 21 శాతం ఉన్న తేనె, గడ్డ కట్టాక పైభాగంలో ఇంకా పల్చనై, ఈస్టుకు చోటిచ్చింది. ఈ సీసాల్లో 19 శాతం తేనె గడ్డకట్టినా పులవలేదు. 21 శాతం తేనె గడ్డకట్టడం మొదలుపెట్టిందంటే పులుపు వెనకే వస్తుంది. మొదటి రోజే నీరు కొలిచి ఉంటే ఈ సంగతి జూలైలోనే తెలిసేది.

పెట్టెలు ఎందుకు ఖాళీ అయ్యాయి

ఇది వేరే సమస్య అని పక్కన పెట్టాను కదా. కాదు. తేనె తీసిన తీరే దీనికీ కారణం.

మూడోసారి తేనె తీసినప్పుడు, పెట్టెలో తేనె దాచే పై గదిలోదే కాకుండా, కింద పిల్లపురుగులు పెరిగే పిల్లల గదిలో అంచున ఉన్న తేనె పట్టు కూడా కోసేశారు. తేనె తీసే యంత్రం లేక చేత్తో పిండారు. ఏప్రిల్, మే నెలల్లో చింత, కానుగ పూత ఉంది కాబట్టి ఈగలు నెట్టుకొచ్చాయి. జూన్ తరువాత చుట్టూ వరి నాట్లు. వరిలో మకరందం ఉండదు. వాన ఆగదు, ఎగరడానికి వీలుండదు. గూటిలో దాచుకున్నదంతా సీసాల్లోకి వెళ్లిపోయింది. ఆకలితో రాణి గుడ్లు పెట్టడం తగ్గించింది, గుంపు చిన్నదైంది, కాపలా లేని పట్లలో మైనపు పురుగు చేరింది. అప్పుడవి లేచిపోయాయి.

జూలైలో మిగిలిన ఆరు పెట్టెలకు పంచదార నీళ్లు పెట్టమన్నాను. సలహా సరైనదే, చెప్పిన తీరు చాలలేదు. ఆమె పగటిపూట పెట్టెల మధ్య పళ్లెంలో పోసింది. చీమలు, కందిరీగలు, బలమైన పెట్టెల ఈగలు అన్నీ దానిమీద పడి, బలహీనమైన పెట్టెను దోచేశాయి. అదొకటి ఖాళీ అయింది. ఐదు మిగిలాయి. తరువాత పద్ధతి మార్చాం. సాయంత్రం చీకటి పడ్డాక మాత్రమే, పెట్టె లోపల కొబ్బరి చిప్పలో, ఈగలు మునిగిపోకుండా పైన నాలుగు పుల్లలు వేసి, పంచదార నీళ్లు సమపాళ్లలో. తెల్లారేసరికి చిప్ప ఖాళీ. నింపి బయట వదిలేసిన చిప్ప ఒక్కటీ ఉండకూడదు.

ఇక్కడ రైతమ్మ నన్ను ఒక ప్రశ్న అడిగింది. "మనమే పంచదార పెడితే, ఆ కొట్టాయన అన్నమాట నిజమైపోదా?" చాలామంది శిక్షకులు దాటేసే ప్రశ్న ఇది. నా సమాధానం ఇదీ. వానాకాలంలో పెట్టేది ఈగల ప్రాణానికి, అది అవి తినేస్తాయి. పూత మొదలవ్వకముందే ఆపేయాలి, పై తేనె గది అప్పుడు పెట్టెమీద ఉండనే కూడదు, పూత వచ్చాకే ఎక్కించాలి. అప్పుడు పంచదార సీసాలోకి చేరే దారి ఉండదు. ఏ తేదీన ఆపామో గోడమీద బొగ్గుతో రాయమన్నాను. 2020లో ఢిల్లీలోని సీఎస్ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) అనే పర్యావరణ సంస్థ పెద్ద కంపెనీల తేనెలో కూడా చక్కెర పాకం ఉందని ప్రకటించింది. మామూలు పరీక్షలకు దొరకని పాకాలు తయారు చేసి కలుపుతున్నారని చెప్పింది. అలాంటి కాలంలో చిన్న రైతుకు నమ్మకం తప్ప వేరే ముద్ర లేదు. గోడమీద బొగ్గు గీత చిన్నదే కావచ్చు, ఆమెకు మాత్రం అది ధైర్యం ఇచ్చింది.

ఈ దశలో ఇటాలియన్ ఈగలకు మారిపొమ్మని ఒకరు ఆమెకు సలహా ఇచ్చారు. వాటికి దిగుబడి ఎక్కువ, నిజమే. వద్దన్నాను. ఇటాలియన్ ఈగకు పూత వెంట పెట్టెలు లారీలో తిప్పాలి, ఈగలను పట్టి పీడించే వరోవా నల్లికి మందులు వెయ్యాలి. రెండెకరాల మనిషికి అది మోయలేని పని. పుట్ట ఈగ ఆ నల్లిని చాలావరకు తనే ఏరి పారేస్తుంది, తక్కువ పూతలోనూ బతుకుతుంది. దానికీ ఒక గండం ఉంది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలో పుట్ట ఈగలను దాదాపు తుడిచిపెట్టింది. అందుకే ఐదు పెట్టెల్లోనూ పిల్లల పట్లు తీసి, నీళ్ల సంచిలా ఉబ్బి గదిలో నిలువుగా చచ్చిన పిల్లపురుగులు ఉన్నాయేమో ఒక్కొక్కటీ చూశాను. లేవు. అవి ఉంటే ఈ కేసు ఇంకోలా నడిచేది.

రెండో పూత

జనవరిలో ఐదు పెట్టెలను విడదీసి ఎక్కువ చేద్దామా, ఉన్నవాటితో తేనె తీద్దామా అన్న చర్చ వచ్చింది. విడదీస్తే ఆ ఏడాది తేనె ఉండదు, తియ్యకపోతే ఆమెకు ఈగల మీద నమ్మకం పోతుంది. విడదీయలేదు. పాత మామిడి తొర్రలో చేరిన ఒక గుంపును మాత్రం పట్టి ఖాళీ పెట్టెలోకి ఎక్కించాం. ఆరయ్యాయి.

పక్క తోట రైతు, జీడిపూతను పాడుచేసే టీ దోమ అనే పురుగుకు మందు కొట్టడం ఇంకో చిక్కు. పూతమీద కొట్టిన మర్నాడు ఒక పెట్టె ముందు రెండు గుప్పిళ్ల ఈగలు చచ్చిపడి ఉన్నాయి, నాలుకలు బయటికి చాచి. అది విషం గుర్తు. రైతమ్మ తగువుకు వెళ్తానంది. నేను ఆయన్ను పిలుచుకొచ్చి జీడిపూత దగ్గర నిలబెట్టాను. ఒకే గుత్తిలో మగపూలు, గింజ కట్టే పూలు రెండూ ఉంటాయి. వాటి పుప్పొడి జిగురుగా ఉంటుంది, ఈగో పురుగో మోసుకెళ్లాలి. పుప్పొడి కాళ్లకు అంటించుకున్న ఈగ ఒక పూవు నుంచి ఇంకో పూవుకు మారడం ఆయన చాలాసేపు చూశాడు. మందు మానలేదు, మానమని నేనూ అడగలేదు. టీ దోమ వదిలేస్తే పూత మాడిపోతుంది. కానీ అప్పటినుంచి ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొడుతున్నాడు, ముందురోజు చెబుతున్నాడు. మందు కొట్టే రాత్రి రైతమ్మ గుమ్మాలకు తీగ జల్లెడ కట్టి మర్నాడు ఆలస్యంగా తీస్తుంది.

తేనె తియ్యడానికి రెండే నియమాలు పెట్టుకున్నాం. చట్రంలో, అంటే ఈగలు పట్టు కట్టుకునే చెక్క ఫ్రేములో, నాలుగింట మూడువంతుల గదులకు మూత పడాలి. పడ్డాక కూడా చట్రాన్ని అడ్డంగా పట్టుకుని ఒక్కసారి విదిలించాలి, చుక్క రాలితే తిరిగి పెట్టెయ్యాలి. మొదటిరోజు ఆమె విదిలించిన చట్రం నుంచి నా చెప్పుల మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఏమీ అనకుండా చట్రం లోపల పెట్టేసింది. మళ్లీ పదకొండు రోజుల తరువాత అదే చట్రం తీశాం. పట్టుమీద తెల్లటి మైనపు పొర, కొత్తగా వేసిన సున్నంలా. విదిలిస్తే ఏమీ రాలలేదు. పిల్లల గదిని ముట్టుకోలేదు, చేతి యంత్రంతో పై గది తేనె మాత్రం తీశాం.

ఆ ఏడాది మొత్తం ఇరవై ఒక్క కిలోలు. ముందటేడు కంటే తూకం తక్కువ. అన్నింటిలోనూ నీరు 19 నుంచి 20. ఒక్క సీసా కూడా పొంగలేదు.

కొట్టు, సంత

పట్నం కొట్టాయనకు గడ్డకట్టిన సీసాను ఆయన ముందే వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి చూపించాం. ఆయన గ్లాసు నీళ్లలో చుక్క వేసి, అడుగుకు దిగితే మంచిదనే పరీక్ష చేస్తాడు. ముదురు బెల్లం పాకం వేసి చూపిస్తే అదీ అలాగే దిగింది. అయినా ఆయన ఒప్పుకోలేదు. కొనేవాళ్లు అడిగితే నేనేం చెప్పాలి అన్నాడు. ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది. గడ్డ కట్టే తేనె అక్కడ అమ్మడం మానేశాం.

వారపు సంతలో ఆమె సీసాలతో పాటు మైనపు మూతతో ఉన్న చిన్న పట్టు ముక్క పళ్లెంలో పెట్టుకుని కూర్చుంది. వచ్చినవాళ్లకు చిటికెనవేలంత ముక్క. నోట్లో వేసుకున్నవాళ్లు మాట్లాడకుండా మైనం నములుతూ నిలబడేవారు. పిల్లలైతే మళ్లీ చెయ్యి చాపేవారు. జీడిపూత తేనె, చింత కానుగ పూసే రోజుల తేనె వేరుగా పోయించాను. రెండోది రుచి చూసిన ఒక పెద్దాయన, తన చిన్నప్పుడు పుట్ట తవ్వి తీసిన తేనె ఇలాగే ఉండేదని చాలాసేపు నిలబడి చెప్పాడు. ఏ నెల తేనో, ఏ పూతదో సీసామీద రాయడం మొదలుపెట్టాం. ఆ కింద ఇంకో రెండు మాటలు: "గడ్డ కట్టవచ్చు, గోరువెచ్చని నీళ్లలో పెడితే కరుగుతుంది. ఏడాది లోపు పిల్లలకు పెట్టవద్దు." రెండో మాటకు అత్తగారు ఒప్పుకోలేదు, పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఆనవాయితీ. తేనెలో ఒక రకం క్రిమి బీజాలు ఉండవచ్చని, అవి మనల్ని ఏమీ చెయ్యవు గానీ పసిబిడ్డ పేగులో విషం పుట్టించగలవని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. తరువాతి సంతకు ఆ మాట ఆవిడే కొనేవాళ్లకు చెబుతోంది.

ఇలాంటి కేసు మళ్లీ వస్తే

ముందు కొలుస్తాను, తరువాతే పొయ్యి సంగతి. చెడిన సీసాలు కలపనివ్వను, ఒక్కోటి వేరుగా పెట్టి ఎప్పుడు తీసిందో అడుగుతాను, తేదీలు లేకపోతే మూతలైనా చూస్తాను. తేనె సమస్య, ఈగల సమస్య అని విడగొట్టను. ఈ కేసులో రెండూ తేనె తీసిన తీరులోనే మొదలయ్యాయి. గడ్డకట్టిన తేనెను కరిగించాల్సి వస్తే నలభై, నలభై ఐదు డిగ్రీలు దాటనివ్వను, థర్మామీటరు చేతికిచ్చాకే అంకె చెబుతాను. అడ్వాన్సు తీసుకున్నారా అని మొదటి ఫోన్‌లోనే అడుగుతాను. పచ్చి తేనె తియ్యడానికి నేను చూసిన కారణాల్లో అదే ఎక్కువ.

రెండో వానాకాలం, ఇప్పటి పరిస్థితి

జూన్ చివర ఆరు పెట్టెల్లో మూడింటిని రైతమ్మ పుట్టింటివాళ్ల కొబ్బరితోటకు తరలించాం. ఉద్దానంలో కొబ్బరి ఏడాది పొడుగునా పూస్తుంది, వానల్లో కూడా పుప్పొడి దొరుకుతుంది. చీకటి పడ్డాక గుమ్మాలకు జల్లెడ బిగించి, పట్లు విరగకుండా ట్రాలీ ఆటోలో గడ్డి పరిచి, ఇరవై కిలోమీటర్లు నెమ్మదిగా తీసుకెళ్లాం. దారంతా ఆమె ట్రాలీలోనే, రెండు చేతులూ పెట్టెలమీద పెట్టుకుని కూర్చుంది. తోటకు చేరాక ఒక్కో పెట్టెకు చెవి ఆనించి, మోత వినిపించాకే కిందికి దిగింది.

ఆ మూడూ వానాకాలం దాటాయి. ఇంటిదగ్గర చిప్పలతో సాకిన మూడింటిలో ఒకటి సెప్టెంబరులో లేచిపోయింది. అన్నీ సరిగానే చేసింది, చీమల్లేవు, పురుగు లేదు. ఎందుకు వెళ్లాయో ఆమెకూ నాకూ అర్థం కాలేదు. ఆ పెట్టెను కడిగి, లోపల కాస్త పాత మైనం రుద్ది, మామిడిచెట్టు కింద అదే చోట పెట్టింది. మొన్న సంక్రాంతికి వెళ్తే నాలుగు ఈగలు గుమ్మం దగ్గర లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. ఇంటికోసం వెతికే ఈగలు అలాగే తిరుగుతాయి. రైతమ్మ వాటిని చూపించి, గట్టిగా మాట్లాడొద్దని నాకు సైగ చేసింది.